క్లాసిక్ కథను మళ్ళీ చెప్పడం ఎలా: పాత్రను చదవడం నుంచి అనుసరణ రాయడం దాకా

"ఫలానా కావ్యంలోని ఘట్టాన్ని నాటికగా మలచాలనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?" అనే ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతుంది. అడిగేవారిలో చాలామంది అప్పటికే పాత్రల పేర్లు మార్చి, కథను నేటి నగరానికి తరలించి, రెండు సన్నివేశాలు రాసి, మూడవ సన్నివేశం దగ్గర ఆగిపోయి ఉంటారు. వారికి రాయడం రాక ఆగిపోలేదు. చదివేటప్పుడు ఒక మెట్టు దాటవేయడం వల్ల ఆగిపోయారు. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా చదవడం గురించే ఉంటుంది.

ఉదాహరణలు అక్కడక్కడ మారినా, మొదటి నుంచి చివరి వరకు శకుంతల కథనే పట్టుకుని నడుస్తాను. మహాభారతం ఆదిపర్వంలో ఒక శకుంతల ఉంది, కాళిదాసు నాటకంలో మరొక శకుంతల ఉంది. ఒకే కథ రెండు చేతుల్లో ఎలా మారిందో పక్కపక్కన పెట్టి చూడగలగడం నేర్చుకునేవారికి దొరికే గొప్ప వెసులుబాటు. ఈ రెండింటిలో ఆ ఘట్టాలను ముందే చదివి ఉంచుకుంటే కింది మెట్లు సులభంగా అర్థమవుతాయి.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

మూలాన్ని తెరవకముందే ఒక కాగితం తీసుకుని, ఆ కథ గురించి మీకు తెలుసని మీరు నమ్ముతున్నదంతా ఒక పేజీలో రాయండి. చదవడం పూర్తయ్యాక ఈ పేజీని మళ్ళీ తీయాలి. మనకు తెలిసిన కథకు, మూలంలో ఉన్న కథకు మధ్య ఎంత దూరం ఉందో అప్పుడు బయటపడుతుంది. ఫ్రాంకెన్‌స్టైన్ అనేది రాక్షసాకారపు ప్రాణి పేరని లోకం అనుకుంటుంది గానీ, మేరీ షెల్లీ నవలలో అది ఆ ప్రాణిని తయారుచేసిన యువకుడి పేరు. ప్రాణికి పేరే లేదు. 1931 నాటి చిత్రంలో మాటలు రాని ఆ ప్రాణి, నవలలో అధ్యాయాల పొడవునా తన గోడు తానే చెప్పుకుంటుంది, మిల్టన్ కావ్యాన్ని కూడా చదువుతుంది. సినిమాను గుర్తుపెట్టుకుని నవలను అనుసరించబోయేవారు నిజానికి అనుసరణకు అనుసరణ రాస్తున్నారు. అది తప్పని అనను, ఆ సంగతి తెలిసి రాయాలి.

తరువాత, ఏ ప్రతిని ఆధారం చేసుకుంటున్నారో తేల్చుకోవాలి. క్లాసిక్ అంటే ఒకే స్థిరమైన పాఠం అనుకోవడం పొరపాటు. షేక్స్‌పియర్ లియర్ రాజు నాటకం 1608లో అచ్చయిన పాఠం, 1623 సంపుటిలోని పాఠం ఒకటి కావు. ఫ్రాంకెన్‌స్టైన్‌కు 1818, 1831 పాఠాలు రెండూ చెలామణిలో ఉన్నాయి. కన్యాశుల్కం 1897లో తొలిసారి అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశారు. మనకు పరిచయమైన మధురవాణి 1909 నాటి మధురవాణి. రెండు పాఠాలను కలిపి చదివితే రచయిత తన పాత్రను తానే ఎలా పెంచి పెద్దచేశాడో తెలుస్తుంది. అయితే అనుసరణకు మాత్రం ఒక్కదాన్నే ఆధారంగా పెట్టుకోవాలి.

మూడవది హక్కుల సంగతి. దీన్ని చివరికి వాయిదా వేసి ఇబ్బంది పడినవారు చాలామంది ఉన్నారు. భారతదేశంలో, రచయిత జీవించి ఉండగా అచ్చయిన సాహిత్య రచనపై హక్కు, ఆయన మరణించిన మరుసటి క్యాలెండర్ సంవత్సరం నుంచి లెక్కిస్తే 60 ఏళ్ళు ఉంటుంది. ఐరోపా దేశాల్లో అది 70 ఏళ్ళు. మూలంపై హక్కు తీరిపోయినా, మీరు చదువుతున్న అనువాదంపై అనువాదకుని హక్కు వేరుగా ఉంటుంది. వెయ్యేళ్ళనాటి కావ్యానికి పదేళ్ళ క్రితం వచ్చిన అనువాదంలోని వాక్యాలను ఎత్తి రాస్తే అనుమతి తీసుకోవలసిందే.

సిద్ధతా పట్టిక:
☐ "నాకు తెలిసిన కథ" పేజీ రాశాను.
☐ ఆధార ప్రతి ఏదో, ఏ సంవత్సరపు పాఠమో నోటు పుస్తకం మొదటి పేజీలో రాశాను.
☐ మూలానికి, అనువాదానికి హక్కులు విడివిడిగా చూసుకున్నాను.
☐ ఆ కథ మీద వచ్చిన సినిమాలను, నాటకాలను పని పూర్తయ్యేదాకా చూడకూడదని నిర్ణయించుకున్నాను.

చివరి అంశాన్ని చాలామంది పట్టించుకోరు. ఒకసారి చూసిన ముఖం చదివే వాక్యాల మీద వాలిందంటే దాన్ని తొలగించడం చాలా కష్టం.

2. మూడు విడతలుగా చదవడం

మొదటి విడతలో కలం పట్టకుండా, వీలైనంత తక్కువ రోజుల్లో, ఏకబిగిన చదవండి. ఎక్కడ విసుగు పుట్టింది, ఎక్కడ పుస్తకం మూయలేకపోయారు అన్న రెండే సంగతులను చదివిన రోజే రాసుకోండి. తరువాత రాసుకుందామనుకుంటే అవి గుర్తుండవు.

రెండవ విడతలో కలం పట్టుకుని, పాత్రలు నిర్ణయం తీసుకున్న చోట్లను మాత్రమే గుర్తించండి. వర్ణనలను, ఉపమానాలను, ప్రసిద్ధ పద్యాలను ఈ విడతలో ముట్టుకోకూడదు.

మూడవ విడత అన్నిటికంటే ముఖ్యమైనది. మూలం చెప్పకుండా వదిలేసిన చోట్లను ఇప్పుడు వెతకాలి. భారతంలో దుష్యంతుడు ఆశ్రమం విడిచి వెళుతూ, నిన్ను తీసుకురావడానికి సేనను పంపుతానని శకుంతలకు మాట ఇస్తాడు. ఆ సేన రాలేదు. ఏళ్ళు గడిచాయి, పిల్లవాడు పెరిగి సింహాలతో ఆడుకునేవాడయ్యాడు. రాజు ఎందుకు పంపలేదో, ఆ ఏళ్ళలో ఏమనుకున్నాడో కథ చెప్పదు. అనుసరణ రాయడానికి చోటు దొరికేది ఇటువంటి ఖాళీల్లోనే. కాళిదాసు కూడా సరిగ్గా ఇక్కడే చేయి పెట్టి దుర్వాసుని శాపాన్ని తెచ్చాడు. మూలం గట్టిగా చెప్పినచోట దాన్ని కాదనడానికి చాలా బలం కావాలి, మౌనంగా ఉన్నచోట మాత్రం మీకు మాట్లాడే హక్కు దానంతటదే వస్తుంది.

మూడవ విడతలో కనీసం ఐదు ఖాళీలు దొరకకపోతే, ఆ రచన మీ చేతికి ఇంకా రాలేదని అర్థం. మళ్ళీ చదవండి.

3. పాత్రను నిర్ణయాల పట్టికగా రాయడం

"దుష్యంతుడు పరాక్రమవంతుడు, శకుంతల సుకుమారి" అని రాసుకున్న నోటు పుస్తకం అనుసరణకు ఏమీ ఉపయోగపడదు. గుణవాచకాలు పాత్రను ఎక్కడికీ నడిపించలేవు. ప్రతి ప్రధాన పాత్రకు, ప్రతి ప్రధాన ఘట్టంలో నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఏం కోరింది? ఏది అడ్డుపడింది? అప్పుడు ఏం చేసింది? అందుకు ఏం పోగొట్టుకుంది?

కొలువు ఘట్టంలో దుష్యంతుణ్ణి రెండు మూలాల నుంచి చూద్దాం.

భారతంలో దుష్యంతుడు:
కోరినది: తన కొడుకు జన్మను, తన పేరును లోకం శంకించకూడదు.
అడ్డు: గాంధర్వ వివాహానికి సాక్షి లేడు. ఆమె మాట మీద ఆధారపడి స్వీకరిస్తే లోకం అనుమానిస్తుంది.
చేసినది: అన్నీ గుర్తున్నా, ఎరుగనన్నాడు.
మూల్యం: నిండు కొలువులో భార్యను అబద్ధాలకోరుగా నిలబెట్టాడు. ఆకాశవాణి పలికేదాకా ఆ మాట వెనక్కు తీసుకోలేదు.

కాళిదాసు దుష్యంతుడు:
కోరినది: ధర్మం తప్పకూడదు, పరస్త్రీని తాకకూడదు.
అడ్డు: శాపం వల్ల జ్ఞాపకమే లేదు.
చేసినది: ఎరుగనన్నాడు.
మూల్యం: ఉంగరం దొరికాక, ఎవరినీ నిందించలేని పశ్చాత్తాపం.

మూడవ వరుస రెండింటిలోనూ ఒక్కటే. అదే మాట, అదే కొలువు, అదే స్త్రీ. కానీ మనిషి పూర్తిగా వేరు. రెండవ వరుసలోని అడ్డంకి మారడంతో మొదటిదీ నాలుగవదీ వాటంతటవే మారిపోయాయి. పాత్రను మార్చాలంటే వేషభాషలను గాక అడ్డంకిని మార్చాలన్న సంగతి ఈ పట్టిక ఒక్కదానితోనే తెలిసిపోతుంది.

ఇదే పట్టికను శకుంతలకు మీరే వేసి చూడండి. వేసేటప్పుడు రెండు సంగతులు గమనించాలి. భారతంలో ఆమె గాంధర్వానికి ఒప్పుకునే ముందే, తనకు పుట్టే కొడుకే రాజు కావాలని షరతు పెడుతుంది. కాళిదాసులో ఆ షరతు లేదు. కాళిదాసులో శాపం సంగతి చెలికత్తెలకు తెలుసు, ప్రేక్షకులకు తెలుసు, శకుంతలకు మాత్రం తెలియదు. అంటే కొలువులో ఆమె దేనితో పోరాడుతోందో ఆమెకే తెలియదు. అయినా ఆమె మౌనంగా ఉండిపోదు, రాజును అనార్యుడని నిలదీస్తుంది. "కాళిదాసు శకుంతల మెతకది" అని వినికిడిగా చెప్పుకునే మాట ఐదవ అంకం చదివితే నిలబడదు.

4. వస్తువును ప్రశ్నగా రాయడం

"ఈ రచన వస్తువు ప్రేమ", "ఇది విధి గురించిన కథ" అని రాస్తే ఏ కథకైనా సరిపోతుంది. వస్తువును ఒక ప్రశ్నగా రాయండి. ఆ ప్రశ్నకు ఇద్దరు మంచి మనుషులు రెండు వేర్వేరు జవాబులు ఇవ్వగలిగితేనే అది పనికొచ్చే ప్రశ్న.

భారతంలోని ఘట్టానికి నేను రాసుకున్న ప్రశ్న: సాక్షి లేని మాటకు ఎంత విలువ ఉంటుంది? కాళిదాసు నాటకానికి: జ్ఞాపకం పోతే బాధ్యత కూడా పోతుందా? ఈ రెండు ప్రశ్నలు పైకి దగ్గరగా కనిపించినా, వీటి నుంచి పుట్టే నాటికలు ఒకదానికొకటి పోలిక లేనివి. మీరు ఏ ప్రశ్నతో పని చేస్తున్నారో ఒక చీటీ మీద రాసి, రాసుకునే బల్ల ముందు అంటించండి. ఇది చాదస్తంగా కనిపిస్తుందని తెలుసు. రెండు ప్రశ్నలతో ఒకేసారి పనిచేసిన ప్రతులు మధ్యలో ఎలా చతికిలపడతాయో చూశాక నేను ఈ చాదస్తాన్ని వదులుకోలేదు.

ప్రశ్న బలమైనదైతే పేర్లు, కాలం మార్చవలసిన అవసరం కూడా ఉండదు. ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ఆంటిగొనీలో, చనిపోయిన అన్నకు అంత్యక్రియలు చేయాలా, చేయరాదన్న రాజాజ్ఞను పాటించాలా అన్నది ప్రశ్న. ఫ్రెంచి నాటకకర్త ఝాఁ అనూయ్ ఆ కథను ఆ పేర్లతోనే తిరగరాయగా, 1944లో జర్మన్ సేనల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో ప్రదర్శించారు. చూసేవారికి ఏ వివరణా అవసరం లేకపోయింది.

5. కీలు ఘట్టం, సమానమైన ఒత్తిడి

ప్రతి కథకు ఒక కీలు ఉంటుంది. దాన్ని తీసేస్తే తలుపు ఊడి చేతికి వస్తుంది. మీ పట్టికలోని నిర్ణయాలను ఒక్కొక్కటిగా కొట్టివేస్తూ, దేన్ని కొట్టివేస్తే మిగతావన్నీ అర్థం కోల్పోతాయో చూడండి. అదే కీలు. కథను మరో కాలానికో, మరో చోటికో తరలించేటప్పుడు ఆ నిర్ణయాన్ని బలవంతం చేసిన ఒత్తిడికి సమానమైన ఒత్తిడి అక్కడ ఉండి తీరాలి.

ఇక్కడ నా సొంత పొరపాటు చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం కాళిదాసు కథను నేటి కాలానికి మార్చి ఒక నాటిక రాశాను. ఉంగరం స్థానంలో సెల్‌ఫోను పెట్టాను. ఇద్దరి ఫొటోలు, మాటలు అన్నీ అందులో ఉన్నాయి, ప్రయాణంలో అది పోతుంది, ఆమె చేతిలో ఋజువు ఉండదు. గొప్ప ఊహ అనుకున్నాను. చదివి వినిపించిన రోజు వెనక వరుసలోని ఒక పిల్లవాడు, "కొత్త ఫోను కొని లాగిన్ అయితే అన్నీ తిరిగి వస్తాయి కదండీ" అన్నాడు. అందరూ నవ్వారు, నాటిక అక్కడితో ఆగిపోయింది.

నేను చేసిన తప్పు ఏమిటంటే, ఉంగరమనే వస్తువుకు బదులు మరో వస్తువును వెతికాను. ఉంగరం ఆ కథలో ఏయే పనులు చేస్తోందో ముందు రాసుకుని ఉండవలసింది. ఆ పనులు ఇవి: అది ఒక్కటే ఉంది, దానికి నకలు లేదు. అది పోయిన సంగతి అవసరమైన క్షణం దాకా తెలియదు. శచీతీర్థంలో జారిపోయిందని అప్పుడుగానీ తట్టదు. దాన్ని గుర్తుపట్టవలసినవాడు ఒకే ఒక్కడు. చివరకు అది దొరికేది ఈ కథతో ఏ సంబంధమూ లేని జాలరికి. ఈ పనులన్నీ చేయగల వస్తువు నేటి జీవితంలో దొరకడం కష్టం. శాపమైతే అసలే లేదు. అందువల్ల నేటి కాలపు శకుంతలను రాయదలచినవారికి నా సలహా: కాళిదాసును పక్కన పెట్టి భారతానికి వెళ్ళండి. తెలిసి తెలిసి తెలియదనే మగవాడు, సాక్షి లేని ఆడమనిషి, నలుగురు ఏమంటారోనన్న భయం. ఈ ఒత్తిడికి సమానమైనదాన్ని వెతకనక్కర్లేదు, అది మన మధ్యే ఉంది.

సమానాన్ని సరిగ్గా పట్టుకున్నవారు ఎలా పట్టుకున్నారో చూడాలంటే మాక్బెత్ అనుసరణలు రెండు చాలు. జపాన్ సినిమా దర్శకుడు కురొసావా 1957లో ఆ కథను మధ్యయుగపు జపాన్‌కు తరలించినప్పుడు షేక్స్‌పియర్ సంభాషణలను వదిలేసి, జోస్యం చెప్పే ముగ్గురు మంత్రగత్తెల బదులు అడవిలో రాట్నం తిప్పే ఒక ప్రేతాన్ని పెట్టాడు. హిందీ సినిమా దర్శకుడు విశాల్ భరద్వాజ్ 2003లో దాన్ని ముంబయి నేరప్రపంచానికి తెచ్చి, జాతకాలు చెప్పే ఇద్దరు పోలీసులను పెట్టాడు. నేరస్థుడి భవిష్యత్తు తెలిసేదీ, దాన్ని కొంత నడిపించేదీ పోలీసులే కాబట్టి జోస్యానికి అక్కడ కొత్త బలం వచ్చింది. అదే దర్శకుడు 2006లో ఒథెల్లోను అనుసరిస్తూ చేతిరుమాలు బదులు వడ్డాణాన్ని పెట్టాడు. రుమాలు పోయిందంటే ఎవరూ ఉలిక్కిపడరు, వంశపారంపర్యంగా వచ్చిన వడ్డాణం పరాయి చేతిలో కనిపిస్తే ఆ అర్థమే వేరు.

ఒత్తిడిని గుర్తించడంలో మరో చిక్కు ఉంది. "ఇప్పుడు చట్టం మారింది కాబట్టి ఆ కథ చెల్లదు" అని తొందరపడి తేల్చేస్తారు. కన్యాశుల్కంలో బుచ్చమ్మ వితంతువు. వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే, అంటే నాటకం అచ్చుకు 41 ఏళ్ళ ముందే వచ్చింది. ఆమెను బంధించినది చట్టం కాదని, వెలివేస్తారన్న భయమని గమనించకపోతే అనుసరణ మొత్తం తప్పు పునాది మీద లేస్తుంది. ఒత్తిడి చట్టానిదా, డబ్బుదా, నలుగురి మాటదా, పాత్ర లోపలిదా అన్నది విడదీసి రాసుకోండి.

సమానమైన ఒత్తిడి దొరకకపోతే కాలాన్ని మార్చకండి. పాత కాలంలోనే ఉంచి చెప్పడం ఏమాత్రం చిన్నతనం కాదు.

6. ఎవరి కళ్ళతో చెప్పాలి

కథను మార్చకుండా చెప్పే మనిషిని మార్చడం బలమైన పద్ధతి. జేన్ ఐర్ నవల 1847లో వచ్చింది. అందులో కథానాయకుడు పైగదిలో బంధించి ఉంచిన పిచ్చి భార్యకు తన మాట చెప్పుకునే అవకాశమే లేదు. 1966లో జీన్ రిస్ ఆమె వైపు నుంచి ఒక నవల రాసింది. మూలంలోని సంఘటనలను కాదనకుండానే, వాటి మీద పడే వెలుగును మార్చింది. ఓల్గా విముక్త కథల్లో సీత దారిలో శూర్పణఖ, అహల్య వంటి స్త్రీలు ఎదురవుతారు. సీత వారి జీవితాల నుంచి తన జీవితాన్ని చదువుకుంటుంది.

ఈ పద్ధతికి ఒక నియమం ఉంది: మీరు ఎంచుకున్న మనిషికి తెలిసే అవకాశం ఉన్నదే మీరు చెప్పాలి. కాళిదాసు ఆరవ అంకం ముందు వచ్చే జాలరిని తీసుకోండి. చేప కడుపులో ఉంగరం దొరికింది. అమ్మబోతే రక్షకభటులు దొంగ అని కట్టి కొట్టారు. రాజు బహుమతి ఇచ్చాక అందులో సగం ఆ కొట్టినవారికే ఇచ్చాడు. అతనికి శకుంతల పేరు కూడా తెలియదు. ఉంగరాన్ని చూడగానే రాజు ముఖం ఎందుకు మారిందో అతనికి ఎప్పటికీ తెలియదు. అతని కళ్ళతో ఒక పేజీ రాసి చూడండి, శకుంతల అనే మాట ఒక్కసారి కూడా రాకుండా. దృక్కోణం అంటే ఏమిటో ఆ పేజీ నేర్పినంతగా నిర్వచనాలు నేర్పవు.

ప్రతినాయకుణ్ణి నాయకుణ్ణి చేసి, నాయకుణ్ణి ప్రతినాయకుణ్ణి చేయడం మాత్రం దృక్కోణం మార్పు కిందకు రాదు. నలుపుకు తెలుపు, తెలుపుకు నలుపు పూయడానికి మూలాన్ని ఒక్కసారి చదివినా చాలు.

7. కోత, చేర్పు

ఘట్టాలన్నిటినీ విడివిడి చీటీల మీద రాసి నేల మీద పరచండి. ఒక్కొక్క చీటీ మీద "ఉంచు", "తీసేయి", "కలుపు" అని రాస్తూ వెళ్ళండి. నాలుగవ మెట్టులో రాసుకున్న ప్రశ్నకు జవాబు చెప్పని ఘట్టం ఎంత అందమైనదైనా "తీసేయి" కుప్పలోకి వెళ్ళాలి.

తీసేసిన ప్రతి ఘట్టంతో పాటు కొంత సమాచారం కూడా పోతుంది. చెలికత్తెలిద్దరినీ తీసేస్తే శాపం సంగతి ప్రేక్షకుడికి ఎవరు చెబుతారు? తీసిన చీటీ వెనక, ఆ సమాచారాన్ని ఇకపై ఎవరు మోస్తారో రాయాలి. ఇద్దరు చిన్న పాత్రలను ఒకటిగా కలిపినప్పుడు, ఇద్దరి కోరికలూ ఒకే మనిషిలో ఇమడగలవా అని కూడా చూసుకోవాలి.

చేర్పు విషయంలో మన అలంకారశాస్త్రం దగ్గర పనికొచ్చే సూత్రాలు ఉన్నాయి. నాయకుడికి గానీ రసానికి గానీ తగనిది మూలకథలో ఉంటే దాన్ని వదిలేయాలి, లేదా మరో విధంగా కల్పించాలి అంటుంది ధనంజయుని దశరూపకం. మరో ఆలంకారికుడు కుంతకుడు దుర్వాస శాపాన్నే ఇటువంటి కల్పనకు ఉదాహరణగా చూపి మెచ్చుకున్నాడు. సూత్రంగా ఇది నేటికీ పనిచేస్తుంది. కానీ దీన్ని కళ్ళు మూసుకుని పాటిస్తే నాయకుడి తప్పులన్నిటినీ ఏదో ఒక శాపం మీదకు నెట్టేసే అలవాటు వస్తుంది. ఈ రోజుల్లో రాసేవారు దాన్ని తిప్పి ప్రశ్నించుకోవాలని నా అభిప్రాయం: నేను చేరుస్తున్నది పాత్రను లోతుగా చూపిస్తోందా, కేవలం కడిగి నిలబెడుతోందా?

దీనికి ఎదురు దిశలో వెళ్ళిన చేర్పు కురొసావా 1985 చిత్రంలో ఉంది. లియర్ కథలోని ముగ్గురు కూతుళ్ళను ముగ్గురు కొడుకులుగా మార్చి, ముసలి రాజుకు క్రూరమైన గతాన్ని కల్పించాడు. అతని చేతిలో కుటుంబాలను పోగొట్టుకున్నవారు అతని ఇంట్లోనే కోడళ్ళుగా ఉంటారు. అతని పతనాన్ని చూస్తే జాలి కలుగుతుంది, ఆ జాలి వెంట అతని పాత క్రూరత్వాల లెక్క కూడా గుర్తొస్తుంది. కడిగి నిలబెట్టిన రకానికి 1681లో నాహం టేట్ లియర్‌కు రాసిన సుఖాంతం ఉదాహరణ. మూలంలో చనిపోయే చిన్న కూతురు కార్డీలియా ఇందులో బతికి, పెళ్ళి చేసుకుంటుంది. అది వేదిక మీద నూరేళ్ళకు పైగా ఆడింది కూడా, కాబట్టి ప్రేక్షకుల ఆదరణ ఒక్కటే కొలమానమని అనుకోకండి.

8. మాధ్యమం, భాష

మాధ్యమం గురించి క్లుప్తంగా చెబుతాను. వేదిక మీద పాత్ర ఆలోచన మాటగా మారాలి, లేదా స్వగతం కావాలి. తెర మీద అది చూపుగానో చేష్టగానో మారవచ్చు. కథలో ఆలోచన ఆలోచనగానే ఉండవచ్చు. మూలంలో పాత్ర ఒంటరిగా ఆలోచించే చోట్లన్నీ ముందే గుర్తించి, మీ మాధ్యమంలో అవి ఏమవుతాయో నిర్ణయించుకోండి.

భాష దగ్గర ఎక్కువ సేపు ఆగాలి. నన్నయ భారతంలో, కొలువులో శకుంతల చెప్పే ప్రసిద్ధ పద్యం సారాంశం ఇది: నూరు నూతుల కంటే ఒక బావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు, నూరుగురు కొడుకుల కంటే ఒక సత్యవాక్యం మేలు. నేటి నాటికలో దీన్ని ఎలా పలికించాలి?

తొలి ప్రయత్నాల్లో సాధారణంగా వచ్చే వాక్యం: "సత్యమే అన్నిటికంటే గొప్పది, అది మరచిపోకు." అర్థం ఉంది, ప్రాణం లేదు. పద్యంలో బలం నీతిలో లేదు, మెట్టు మెట్టుగా పెరిగే నిర్మాణంలో ఉంది. ఆ మెట్లను పట్టుకుంటే ఇలా రాయవచ్చు: "ఇల్లు అడగను. డబ్బు అడగను. బిడ్డకు నీ ఇంటిపేరు కూడా అడగను. ఆ రోజు నువ్వు అన్న మాట, అన్నానని ఒక్కసారి చెప్పు." మూలంలోని ఒక్క మాట కూడా ఇందులో లేదు, నడక మాత్రం దానిదే. ప్రసిద్ధ వాక్యాన్ని అనుసరించేటప్పుడు ముందు దాని నడకను పట్టుకోండి.

భాష విషయంలో సరిచూసుకోవలసినవి:
☐ ప్రతి పాత్రకు ఒకే స్థాయి భాష మొదటి నుంచి చివరి దాకా ఉంది, మారితే కారణం ఉంది.
☐ పాత కాలపు కథలో నేటి ఆఫీసు మాటలు, నేటి కథలో గ్రాంథిక క్రియలు దొర్లలేదు.
☐ సంభాషణలన్నీ పైకి చదివి వినుకున్నాను, ఊపిరి అందని వాక్యాలను విరిచాను.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

పొరపాటు: పాత్రలు ఒకరికొకరు తెలిసిన గతాన్ని, ప్రేక్షకుడి కోసం ఒకరికొకరు చెప్పుకోవడం.
సవరణ: ఆ గతం వల్ల ఇప్పుడు ఒకరికి నష్టం కలిగే సన్నివేశాన్ని రాయండి. నష్టం ఉన్నచోట గతం దానంతటదే బయటకు వస్తుంది.

పొరపాటు: మూలం పట్ల భక్తితో ఏదీ తీయలేకపోవడం.
సవరణ: కథను మూలం తెలియనివారికి పది నిమిషాల్లో నోటితో చెప్పండి. చెప్పేటప్పుడు మీరు వదిలేసినవన్నీ వదిలేయదగ్గవే.

పొరపాటు: నేటి విలువలను పాత పాత్ర నోట ఉపన్యాసంగా పెట్టడం. ఇది అన్నిటికంటే ఎక్కువగా కనిపిస్తుంది, రాసినవారికి అన్నిటికంటే ఆలస్యంగా కనిపిస్తుంది.
సవరణ: ఉపన్యాసాన్ని కొట్టివేసి, ఆ అభిప్రాయం ఉన్న మనిషి ఆ కాలంలో ఏం చేయగలిగేవాడో, అందుకు ఏం పోగొట్టుకునేవాడో ఒక చర్యగా రాయండి.

పొరపాటు: మూలం తెలిసినవారికి మాత్రమే అందే సూచనలతో నింపడం.
సవరణ: అటువంటి సూచన ఏదైనా కథను ముందుకు నడపకపోతే తీసేయండి. ఒకటి రెండు మిగిలితే ఫరవాలేదు, తెలిసినవారికి చిన్న ఆనందం.

పొరపాటు: ముగింపును మొదట మార్చి, తక్కిన కథను దానికి సరిపడేలా వంచడం.
సవరణ: మూడవ మెట్టులోని పట్టికకు తిరిగి వెళ్ళండి. ఎక్కడో ఒక అడ్డంకి మారితేనే ముగింపు మారాలి. ఏ అడ్డంకీ మారకుండా ముగింపు మారితే, దాన్ని మార్చినది మీరు, పాత్ర కాదు.

10. ఇద్దరు చదువరుల పరీక్ష

రాతప్రతి పూర్తయ్యాక కనీసం పదిహేను రోజులు పక్కన పెట్టి, తరువాత ఇద్దరికి ఇవ్వండి. ఒకరికి మూలం బాగా తెలిసి ఉండాలి, మరొకరికి అసలు తెలిసి ఉండకూడదు. ఇద్దరినీ "ఎలా ఉంది?" అని అడగకండి, ఆ ప్రశ్నకు మర్యాదైన జవాబే వస్తుంది.

మూలం తెలియనివారిని అడగవలసినవి:
☐ ప్రధాన పాత్ర ఏం కోరింది?
☐ ఆ నిర్ణయం తీసుకోకుండా తప్పించుకునే దారి మీకు కనిపించిందా?
☐ ఎక్కడ అర్థం కాక వెనక్కు తిప్పి చదివారు?

మూలం తెలిసినవారిని అడగవలసినవి:
☐ ఏది లేదని మీకు వెలితిగా అనిపించింది?
☐ మూలంలోని ఏ పాత్రను ఇకపై వేరే రకంగా చూస్తారు?

మూలం తెలియని చదువరి తప్పించుకునే దారి ఒకటి చూపిస్తే, నా సెల్‌ఫోను నాటికలాగా, ఐదవ మెట్టుకు తిరిగి వెళ్ళాలి. సంభాషణల్లో అతుకులు వేసి ఆ దారిని మూయడానికి ప్రయత్నించకండి. మూలం తెలిసిన చదువరి చెప్పిన వెలితిని మాత్రం వెంటనే పూరించనక్కర్లేదు, అది "తీసేయి" కుప్పలోని ఏ చీటీయో చూసి, దాని వెనక రాసుకున్నది చదివాక నిర్ణయించండి. చివరి ప్రశ్నకు ఆయన ఏ పాత్ర పేరూ చెప్పలేకపోతే, మొదటి రోజు రాసిన "నాకు తెలిసిన కథ" పేజీ తీసి మీ ప్రతితో పోల్చండి. రెండూ ఒకేలా ఉంటే, మూడవ విడత పఠనం నుంచి పని మళ్ళీ మొదలవుతుంది.